కీళ్లవాతానికి మూలికల టీ: ఎంచుకోవడం, కాయడం, లెక్క చూసుకోవడం

హైదరాబాదులో కీళ్ల నొప్పులని ఒకసారి నోరు జారితే చాలు, అపార్టుమెంటు లిఫ్టు పైఅంతస్తు చేరేలోపే నాలుగు రకాల కషాయాలు చెప్పేస్తారు. ఒకరు పారిజాతం ఆకులంటారు, ఇంకొకరు తిప్పతీగ అంటారు, మూడో మనిషి పసుపు, మిరియాలు అంటాడు. వీటిలో కొన్నింటికి శాస్త్రీయమైన ఆధారం కొంత ఉంది, కొన్నింటికి తరతరాల వాడుక తప్ప మరేమీ లేదు, ఒకటి రెండు మాత్రం కీళ్లవాతం ఉన్నవారికి నిజంగానే ప్రమాదకరం. కీళ్లవాతానికి ఇప్పటికే వైద్యం పొందుతూ, దానికి తోడుగా ఏదైనా మొక్కతో టీ కాచుకోవాలనుకునే వారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. మూలికల టీని వంటింటి చిట్కాగా చూడడం మాని, కొలత, వ్యవధి, దుష్ఫలితం ఉన్న ఒక మందుగా చూసినప్పుడే అది పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

మొదటి మెట్టు: జబ్బు ఏదో తేల్చుకోవడం

మన మాటల్లో అన్ని కీళ్ల నొప్పులూ వాతమే. వైద్యం దృష్టిలో మాత్రం అరుగుదల వేరు, వాపుతో కూడిన కీళ్ల జబ్బు వేరు. యాభై దాటిన మనిషికి మెట్లు ఎక్కుతుంటే నొప్పి పెట్టి, కూర్చుంటే తగ్గే మోకాలు చాలావరకు అరుగుదల. ఈ వ్యాసంలో కీళ్లవాతం అంటున్నది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే జబ్బునే. అది అలా ఉండదు. దీనిలో మన రోగనిరోధక వ్యవస్థ మన కీళ్ల పొరల మీదే దాడి చేస్తుంది. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు ఒకేసారి వాస్తాయి. తెల్లవారి లేచాక వేళ్లు ముడుచుకోవడానికి అరగంట, గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. పని చేస్తున్నకొద్దీ బిగుసు తగ్గుతుంది. గౌటులో యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు కీలులో పేరుకొని, ఎక్కువగా కాలి బొటనవేలి దగ్గర, రాత్రికి రాత్రి మంట పుట్టిస్తాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో కీలు ఒకసారి పాడైతే ఏ కషాయమూ దానిని తిరిగి నిలబెట్టలేదు. లక్షణాలు మొదలైన తొలి నెలల్లోనే సరైన మందు పడితే కీళ్లను కాపాడుకునే అవకాశం ఎక్కువ. ఆ నెలలను కషాయాలతో గడిపేయడమే మూలికల వల్ల జరిగే అతి పెద్ద నష్టమని నా అభిప్రాయం; మూలికలోని విషగుణం వల్ల కలిగే నష్టం దాని తరువాతిదే. కాబట్టి ఆరు వారాలకు మించి కీళ్లు వాచి ఉంటే, ముందుగా కీళ్లవాతపు డాక్టరైన రుమటాలజిస్టును కలిసి, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ, ఈ జబ్బును గుర్తించడానికి తోడ్పడే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్తపరీక్షలు చేయించుకోవాలి. నగరంలో పంజగుట్టలోని నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది.

రెండో మెట్టు: మందుల చీటీ ముందు పెట్టుకోవడం

ఏ మొక్క మంచిదని వెతికే ముందు మీరు ఇప్పటికే ఏం మింగుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మొదట ఇచ్చే మందు సాధారణంగా మెథోట్రెక్సేట్. దానిని వారానికి ఒక్క రోజే వేసుకుంటారు, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కాలేయం మీద దాని ప్రభావం ఉంటుంది కనుకనే డాక్టర్లు కొన్ని వారాలకోసారి కాలేయ పరీక్ష అయిన ఎల్ఎఫ్‌టీ చేయిస్తారు. ఇదే జబ్బుకు ఇచ్చే లెఫ్లూనమైడ్ సంగతీ ఇంతే. ఈ మందులు వాడుతున్న వారు కాలేయాన్ని ఇబ్బంది పెట్టే ఏ మూలికనూ దగ్గరికి రానివ్వకూడదు.

ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ వాడేవారు అతిమధురం విషయంలో జాగ్రత్తపడాలి. అంగళ్లలో దొరికే మూలికల టీ పొట్లాలలో తీపి కోసం అతిమధురం కలపడం మామూలే. దానిలోని గ్లిసిరైజిన్ రక్తపోటును పెంచుతుంది, ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలుపుతుంది, పొటాషియాన్ని తగ్గిస్తుంది. స్టెరాయిడ్ చేసే పని కూడా కొంత ఇదే కావడం వల్ల రెండూ కలిస్తే కాళ్ల వాపు, బీపీ త్వరగా బయటపడతాయి. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు అల్లం, పసుపు, తులసిని వంటలో తినే మోతాదుకు మించి, డాక్టరును అడగకుండా తీసుకోకూడదు. పిత్తాశయంలో రాళ్లున్నవారికి పసుపు మోతాదు పెంచడం మంచిది కాదు. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవారు ఈ వ్యాసంలోని ఏ మొక్కనూ మందు మోతాదులో మొదలుపెట్టకపోవడమే క్షేమం.

మూడో మెట్టు: మొక్కను ఎంచుకోవడం

ఒకేసారి ఒక మొక్కనే ఎంచుకోండి. పది మూలికలు కలిపిన పొడి తాగితే గుణం కనిపించినా దేని వల్లనో తెలియదు, దద్దుర్లు వచ్చినా దేని వల్లనో తెలియదు.

నేను మొదటి స్థానం శొంఠికి ఇస్తాను. పచ్చి అల్లంలోని ఘాటుకు కారణం జింజెరాల్స్. ఎండినప్పుడు, వేడి తగిలినప్పుడు వాటిలో కొంత భాగం షోగాల్స్‌గా మారుతుంది. ఈ రెండూ వాపును కలిగించే ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రియీన్ల తయారీని తగ్గిస్తాయని ప్రయోగశాలలో తేలింది. 2001లో అమెరికాలో మోకాళ్ల అరుగుదల ఉన్న 247 మందిపై ఆరు వారాలు జరిగిన పరీక్షలో అల్లపు సారం నొప్పిని ఓ మోస్తరుగా తగ్గించింది, కొందరికి కడుపులో కొద్దిపాటి ఇబ్బంది తెచ్చింది. ఇరాన్‌లో రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులకు రోజుకు 1,500 మిల్లీగ్రాముల అల్లపు పొడిని 12 వారాలు ఇచ్చి చూసినప్పుడు సీఆర్పీ తగ్గినట్టు 2019లో ప్రచురించారు. ఇవి చిన్న పరీక్షలే గానీ, ఆ మోతాదు మన వంటింటికి అందేదే: తలగొట్టిన చెంచా శొంఠి పొడిలో ఇంచుమించు ముప్పావు వంతు.

పసుపు సంగతి చెప్పాలంటే లెక్క వేయాలి. 2012లో 45 మంది రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులపై జరిగిన ఒక చిన్న పరీక్షలో పసుపులోని అసలు పదార్థమైన కర్క్యుమిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర, నొప్పి మందు డైక్లోఫెనాక్‌తో పోటీపడింది. అయితే పసుపులో కర్క్యుమిన్ దాదాపు మూడు శాతమే. మూడు గ్రాముల చెంచా పసుపులో ఉండేది 90 మిల్లీగ్రాములు. అదీ నీళ్లలో దాదాపుగా కరగదు, కరిగినా పేగు నుంచి రక్తంలోకి సరిగా చేరదు. నిజామాబాదు పసుపే తెచ్చుకోండి, దుగ్గిరాల పసుపే తెచ్చుకోండి, ఉత్త నీళ్లలో మరిగించి వడకట్టిన పసుపు టీ తాగితే ఆ పరీక్ష ఫలితం మీకు వర్తించదు. వెన్న తీయని పాలలో కలుపుకుంటే కొంత నయం. మిరియాలు చేరిస్తే పెరుగుతుందని చెప్పేది నిజమే. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాలలోని పైపెరిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు మనుషుల రక్తంలో కర్క్యుమిన్ అనేక రెట్లు పెరిగిందని చూపారు. కానీ పైపెరిన్ కర్క్యుమిన్‌కు తలుపు తెరిచినట్టే ఫెనిటాయిన్ వంటి మూర్ఛ మందులకూ తెరుస్తుంది. మూర్ఛ మందులు వాడేవారు ఈ మిశ్రమానికి దూరంగా ఉండాలి.

గ్రీన్ టీ నిజానికి మూలిక కాదు, మనం రోజూ తాగే చాయ్ మొక్క ఆకే. దానిలోని పాలీఫినాల్స్ అనే పదార్థాల వల్ల ఎలుకలలో కీళ్లవాతం నెమ్మదించిందని 1999లోనే తేలినా, మనుషులలో ఆధారం పలచగానే ఉంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ, కీళ్లవాతం దానిని ఇంకా పెంచుతుంది. టీలోని టానిన్లు భోజనంలోని ఇనుమును పట్టేస్తాయి. అన్నానికి గంట ముందో, గంట తరువాతో తాగాలి. మెథోట్రెక్సేట్‌కు తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రను టీతో మింగకూడదు. దాల్చిన చెక్కపై కూడా ఇరాన్‌లో ఒక చిన్న పరీక్ష జరిగి సీఆర్పీ తగ్గినట్టు చూపింది, అయితే మన అంగళ్లలో ఎక్కువగా దొరికే దళసరి చెక్కలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది, అది కాలేయానికి పడదు. మెథోట్రెక్సేట్ వాడేవారికి నేను దీనిని సూచించను. రోజ్‌హిప్ కాయల పొడి రోజుకు ఐదు గ్రాములు ఆరు నెలలు తీసుకున్న రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులు రోజువారీ పనులు మెరుగ్గా చేసుకోగలిగారని 89 మందిపై చేసిన పరీక్ష చెబుతోంది, కానీ వాళ్లు మింగినది పొడి, తాగినది టీ కాదు.

పారిజాతం గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో దానికి ఉన్న పేరు మరే ఆకుకూ లేదు. 2005-06లో చికున్‌గున్యా తెలుగునాట విరుచుకుపడినప్పుడు వీధిలో ఒక్క పారిజాతం చెట్టు ఉంటే దానికి ఆకు మిగలలేదు. గరుకుగా ఉండే ఆ ఆకుల సారం జంతువులలో వాపును తగ్గించింది. ఆయుర్వేదంలో తుంటి నుంచి కాలిలోకి పాకే నొప్పికి దాని కషాయం ఇవ్వడం పాత పద్ధతి. అయితే చికున్‌గున్యా కీళ్ల నొప్పులు చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో వాటంతటవే తగ్గుతాయి. ఆ నెలలలో ఏది తాగినా పేరు దానికే దక్కుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ కూడా పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బే కనుక ఈ చిక్కు మనకూ ఉంది, దాని విరుగుడు ఆరో మెట్టులో చెబుతాను. వావిలాకును మాత్రం తాగవద్దు. బాలింతల స్నానానికి మన పెద్దలు వాడినట్టే, మరిగించిన నీళ్లతో కాపడం పెట్టుకోవడానికి వాడండి. ఎర్రగా, వేడిగా వాచి ఉన్న కీలుకు ఆ కాపడమూ వద్దు.

ఇక తిప్పతీగ. కోవిడ్ రోజుల్లో గేటు పక్కన కుండీలో తిప్పతీగ పాకించని ఇల్లు అరుదు. అది రోగనిరోధక శక్తిని పెంచుతుందని అంటారు. తన ఒంటి మీదే దాడి చేస్తున్న రోగనిరోధక వ్యవస్థను మందులతో అణచుకుంటున్న మనిషికి అదే పనికిరాని గుణం. ముంబై వైద్యులు 2021లో తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను ప్రచురించారు. మరుసటి ఏడాది దేశంలోని 13 ఆస్పత్రుల నుంచి 43 మంది వివరాలతో మరో నివేదిక వచ్చింది. కొందరిలో అది, రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీద దాడి చేసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను తలపించింది. సరైన మొక్కను సరైన మోతాదులో వాడితే ప్రమాదం లేదనీ, పోలికలున్న మరో తీగతో పొరబడి ఉండవచ్చుననీ ఆయుష్ మంత్రిత్వ శాఖ బదులిచ్చింది. ఆ వాదన ఎటు తేలినా, కీళ్లవాతం ఉండి మెథోట్రెక్సేటో లెఫ్లూనమైడో వాడుతున్నవారు తిప్పతీగ తాగకూడదన్నది నా సలహా. ఆయుర్వేదంలో ఆమవాతమనే ఈ కీళ్లవాతానికి ఆయుర్వేద దుకాణాలలో ఎక్కువగా ఇచ్చే రాస్నాసప్తక కషాయంలోని ఏడు మూలికలలో తిప్పతీగ ఒకటని చాలామంది గమనించరు.

ఇంటర్నెట్టులో థండర్ గాడ్ వైన్ అనే చైనా తీగ కూడా అమ్ముతారు. కీళ్లవాతంపై అది నిజంగా పనిచేస్తుందని పరీక్షలలో తేలింది. సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తుందని కూడా తేలింది. దానిని ఇంట్లో కాచుకోవడం తగదు.

నాలుగో మెట్టు: కొనడం

బేగంబజారులోనో మోండా మార్కెట్టులోనో శొంఠిని పొడిగా కాక కొమ్ములుగా కొనండి. తెల్లగా మెరిసే కొమ్ములు చూడముచ్చటగా ఉంటాయి గానీ ఆ తెలుపు చాలాసార్లు సున్నపు పూత. వేలితో రుద్దితే పొడి అంటుకుంటుంది. మట్టి రంగులో, ముడతలు పడి, విరిస్తే టప్పున విరిగి లోపల లేత పసుపుగా కనిపిస్తూ ముక్కుకు ఘాటు తగిలేది మంచిది. మెత్తగా వంగితే తేమ పట్టినట్టు, పురుగు కన్నాలుంటే పాత సరుకన్నట్టు. పచ్చి అల్లమైతే రైతుబజారులో జహీరాబాదు వైపు నుంచి వచ్చేది దొరుకుతుంది. పసుపునూ కొమ్ములుగా కొని ఆడించుకోవడమే మేలు, ఎందుకంటే పొడికి మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపే మోసం మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ బయటపడింది.

రోడ్డు పక్కన, బస్టాండ్ల దగ్గర, వాట్సాప్‌లో అమ్మే పేరులేని వాతపు పొడుల జోలికి వెళ్లవద్దు. ఏళ్ల నాటి నొప్పి రెండు రోజుల్లో మాయమై, ఆకలి విపరీతంగా పెరిగి, నెల తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బి, షుగరు పెరిగిందంటే ఆ పొడిలో స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి. అలాంటి పొడిని ఎక్కువ రోజులు వాడినవారు ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అట్టపెట్టెలో వచ్చే టీ అయితే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల నంబరు, ఆయుర్వేద మందు అయితే తయారీ లైసెన్సు నంబరు, పూర్తి మూలికల జాబితా ఉండాలి. ఆయుర్వేద పద్ధతిలోనే వైద్యం కావాలనుకునేవారికి ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రి ఉంది. అక్కడికి వెళ్లేటప్పుడు ఇంగ్లీషు మందుల చీటీ తప్పక చూపించాలి.

అయిదో మెట్టు: కాయడం

శొంఠి కొమ్మును రోట్లో నలగ్గొట్టి, మిక్సీలో వేసి, జల్లెడ పట్టి, గాలి చొరని సీసాలో నెలకు సరిపడా మాత్రమే ఉంచుకోండి. వంటింటి తూకం ఉంటే ఒకసారి ఒకటిన్నర గ్రాముల పొడిని తూచి, అది మీ చెంచాలో ఎంతవరకు వచ్చిందో చూసి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఒక ఇంటి చెంచా మరో ఇంటి చెంచాతో సమానంగా ఉండదు. ఒకటిన్నర కప్పుల నీళ్లు మరగనిచ్చి, పొడి వేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచండి. కప్పు నీళ్లకు దిగుతుంది. మూత ఎందుకంటే ఘాటుతో పాటు ఆవిరైపోయే నూనెలు మూతకు పట్టి తిరిగి గిన్నెలోనే పడతాయి.

ఇక్కడే చాలామంది అసలు మందును పారబోస్తారు. పరీక్షలలో రోగులు మింగినది మొత్తం పొడి. మనం కాచి, వడకట్టి, తేట నీటిని తాగి, పిప్పిని సింకులో వేస్తాం. నీటిలో సులువుగా కరగని ఘాటు పదార్థాలలో మంచి భాగం ఆ పిప్పిలోనే మిగిలిపోతుంది. కాబట్టి వడకట్టకుండా, కప్పును తిప్పుతూ, అడుగున ఉన్న ముద్దతో సహా తాగాలి. గొంతు మండుతుందనుకుంటే నిమ్మరసం, చిన్న బెల్లం ముక్క వేసుకోవచ్చు, షుగరు ఉన్నవారు బెల్లం మానుకోవాలి. రెండు పూటలకు పంచుకొని, ఉదయం టిఫిను తరువాత సగం, సాయంత్రం సగం తీసుకుంటే కడుపు ఇబ్బంది పెట్టదు. పరగడుపున వద్దు, ముఖ్యంగా నొప్పి మాత్రలు వాడుతుంటే. మొదటి వారం సగం మోతాదుతో మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో శొంఠి వేడి చేస్తుందని మన ఇళ్లలో అంటారు. గుండెల్లో మంట, నోటిపూత కనిపిస్తే ఆ ఎండలు తగ్గేవరకు ఆపితే మునిగిపోయేది ఏమీ లేదు. ఇరానీ చాయ్‌లో అల్లం దంచి వేస్తే సరిపోదా అని అడిగేవారికి జవాబు ఏమిటంటే, ఆ కప్పులో అల్లం కంటే చక్కెర ఎక్కువ.

గ్రీన్ టీకి మరిగే నీళ్లు పోయకండి. దింపి కొంచెం చల్లారాక పోసి, రెండు మూడు నిమిషాల్లో ఆకు తీసేయాలి. పారిజాతం తాగాలనే పట్టుదల ఉంటే ఆయుర్వేద వైద్యుని మోతాదుతోనే తాగండి.

ఆరో మెట్టు: లెక్క చూసుకోవడం

టీ మొదలుపెట్టడానికి రెండు వారాల ముందు నుంచే నోటు పుస్తకం తెరవండి, అప్పుడే పోల్చడానికి ఏదైనా ఉంటుంది. ప్రతిరోజూ నాలుగు సంగతులు చాలు: ఉదయం బిగుసు ఎన్ని నిమిషాలకు వదిలింది, చేతులలో ఎన్ని కీళ్లు వాచి ఉన్నాయి, పదికి నొప్పి ఎంత, నొప్పి మాత్ర వేసుకున్నారా. వీటికి ఒక పని చేర్చండి, రోజూ చేసేదే అయి ఉండాలి: వాటర్ బాటిల్ మూత తిప్పగలిగారా, ఇడ్లీ పిండి గిన్నెను ఒక్క చేత్తో ఎత్తగలిగారా అన్నట్టు. నొప్పి ఎంత అన్న అంకె మనసును బట్టి మారుతుంది. మూత తిప్పగలగడం అంత సులువుగా మారదు.

డాక్టరు మందు మోతాదు మార్చిన నెలలో టీ మొదలుపెట్టవద్దు, లేకపోతే మెథోట్రెక్సేట్ చేసిన మేలు శొంఠి ఖాతాలో పడుతుంది. పన్నెండు వారాల తరువాత మొదటి రెండు వారాల పేజీలనూ చివరి రెండు వారాల పేజీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ మధ్యలో డాక్టరు చెప్పిన ప్రకారం చేయించిన సీఆర్పీ, ఎల్ఎఫ్‌టీ రిపోర్టులను అదే పుస్తకంలో అంటించుకోండి. తేడా ఏమీ లేకపోతే మానేయండి. తేడా కనిపిస్తే రెండు వారాలు ఆపి చూడండి. బిగుసు మళ్లీ పెరిగి, తిరిగి మొదలుపెట్టాక తగ్గితే అప్పుడు దానికి కొంత విలువ ఇవ్వవచ్చు. ఎంత బాగున్నా మీ అంతట మీరు మెథోట్రెక్సేట్‌ను గానీ స్టెరాయిడ్‌ను గానీ తగ్గించకండి. నొప్పి తగ్గినంత మాత్రాన లోపల కీలు పాడవడం ఆగిందని కాదు, ఆ సంగతి పరీక్షలు చూసే డాక్టరుకే తెలుస్తుంది.

వెంటనే ఆపవలసిన సందర్భాలు

మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా, అన్నం చూస్తే వికారం కలిగినా ఆ రోజే టీ ఆపి ఎల్ఎఫ్‌టీ చేయించుకోవాలి. మలం నల్లగా తారులా వస్తే కడుపులో రక్తస్రావం జరుగుతూ ఉండవచ్చు, ఆస్పత్రికి వెళ్లాలి. ఒక్క కీలు మాత్రమే ఉన్నట్టుండి ఎర్రగా వాచి జ్వరం వస్తే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు కషాయాల గురించి ఆలోచించే సమయం ఉండదు. మోకీలు మార్పిడి వంటి శస్త్రచికిత్స ఉంటే శొంఠి, పసుపు మందు మోతాదులను రెండు వారాల ముందే ఆపి, ఇన్నాళ్లూ ఏం తాగారో, ఎంత తాగారో మత్తు డాక్టరుకు నోటు పుస్తకంతో సహా చూపించాలి.